గల్లాపెట్టె దగ్గర అమ్మ

నర్సీపట్నంలో ఎవరైనా పెద్దావిడ కాలం చేస్తే మూడోనాటికల్లా వీధి మొగలో ఫ్లెక్సీ లేస్తుంది. పైన ‘అశ్రునివాళి’. మధ్యలో గుండ్రటి చట్రంలో ఆమె ఫొటో. చాలాసార్లు అది ఆధార్ కార్డులోదే, స్టూడియో కుర్రాడు వెనకాల నీలం మబ్బులు అతికించి ఇచ్చింది. కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు పేరుపేరునా. పెద్దకర్మ తేదీ, భోజనాల చోటు. ఆమెను గురించి మాత్రం రెండే మాటలు: కష్టజీవి, అనురాగమూర్తి. ముప్ఫై నలభై ఏళ్లు ఆమె కొట్టు నడిపిన సంగతి అందులో ఎక్కడా ఉండదు. పోయింది ఆ ఇంటి మగాయన అయితే పేరు పక్కనే ‘కిరాణా మర్చంట్’ అనో ‘హోటల్ ప్రొప్రయిటర్’ అనో చేరిపోతుంది.

ఆమె కష్టపడిందన్న మాట అబద్ధం కాదు. కానీ అది సగం మాట. ఆమె చేసింది వ్యాపారం. పెట్టుబడి తెచ్చింది, నష్టం మోసింది, ధర కట్టింది, అరువు ఎవరికివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో మొహం చూసి తేల్చింది. తల్లిని తలుచుకునేటప్పుడు మనం ఆ వ్యాపారిని పెరట్లోకి నెట్టేసి, కన్నీళ్లు తుడుచుకునే కొంగును మాత్రం వాకిట్లో నిలబెడతాం. ఈ కథనం పెరట్లోకి నెట్టేసిన ఆ మనిషి గురించి. ఇలాంటి అమ్మ ఒక్కరు కాదు కనుక పేరు పెట్టి ఈ ఊళ్లో ఏ ఒక్కరి కథా చెప్పడం లేదు.

కొండ దిగే దారి

నర్సీపట్నం మొదటి నుంచీ బేరాల ఊరు. ఒకవైపు తుని, ఇంకోవైపు తాళ్లపాలెం మీదుగా జాతీయ రహదారి, వెనక్కి తిరిగితే లంబసింగి ఘాటీ, దాని మీద చింతపల్లి. ఊరికి రైలు లేదు. ‘నర్సీపట్నం రోడ్’ అనే స్టేషన్ ఉంది గానీ అది ఊరికి చాలా దూరాన, మెయిన్ లైను మీద. ఆ పేరు నమ్మి అక్కడ దిగిన కొత్తవాళ్ల పాట్లు ఈ ప్రాంతంలో పాత హాస్యం. రైలు లేకపోవడం వల్లే బస్సు కాంప్లెక్సు చుట్టూ, అబీద్ సెంటర్, శ్రీకన్య సెంటర్ల చుట్టూ ఊరి బతుకు అల్లుకుంది. కొండ మీద నుంచి దిగే చింతపండు, పసుపు, కొండచీపుర్లు, రాజ్‌మా, అడ్డాకులు ఇక్కడికి రావాలి. కిందినుంచి ఉప్పు, కిరసనాయిలు, బట్టలు ఇక్కడి నుంచే పైకి వెళ్లాలి.

ఈ కొండదారుల కింద పాత బాకీ ఒకటి ఉంది. నర్సీపట్నం నుంచి ఏజెన్సీలోకి రోడ్డు వేయించేటప్పుడు గిరిజనులకు సరిగా కూలి ఇవ్వకుండా గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సాగించిన దాష్టీకం 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టులోనే అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడింది. ఆయన సమాధి ఇక్కడికి దగ్గర్లోని కృష్ణదేవిపేటలోనే ఉంది. వందేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కొండ పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద గీత పడింది గానీ ఏరియా ఆసుపత్రికీ సంతకీ దిగే జనం దారి మారలేదు.

అలా దిగే జనానికి పొద్దున్నే ఆకలేస్తుంది. ఈ ఊళ్లో ఆడవాళ్ల వ్యాపారాల్లో సగానికి అదే మూలం. ఇడ్లీ బండి, పునుగుల బాండీ, టీ బల్ల. ఆ పక్కనే విస్తళ్ల కట్టలు, పూలబుట్ట, కూరగాయల గోనె, కుట్టుమిషను, ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా. మొగుడు పోయాకో, మొగుడు తాగుడికి పోయాకో, ఉన్న ఎకరం నీళ్లందక బీడు పడ్డాకో మొదలైనవి చాలా. సరదాగా మొదలెట్టినవి తక్కువ.

పొట్టు పొయ్యి

గ్యాసు రాకముందు టిఫిను కొట్టు పెట్టిన అమ్మకు మొదటి విద్య వంట కాదు, పొయ్యి. కట్టెలు కొంటే లాభం కట్టెలకే పోయేది. అందుకని రంపపు మిల్లు దగ్గర గోనె లెక్కన పొట్టు తెచ్చుకునేవాళ్లు. ఖాళీ నూనె డబ్బా పైమూత కోసి, అడుగున పక్కగా చెయ్యి పట్టేంత కన్నం పెట్టాలి. డబ్బా మధ్యలో నిలువుగా ఒక సీసా, కన్నంలోంచి అడ్డంగా ఒక గుండ్రటి కర్ర, రెండూ అడుగున ఆనుకునేట్టు పెట్టి, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో దట్టించాలి. ఇంకొంచెం పొయ్యాలి, మళ్లీ దట్టించాలి. నిండాక సీసానూ కర్రనూ మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే లోపల గొట్టంలా దారి నిలుస్తుంది. కన్నంలో చిన్న పుల్ల ముట్టించి పెడితే ఆ గొట్టం గోడలే ఎర్రగా రాజుకుని గంటల తరబడి పొగ లేకుండా మండుతాయి. పొట్టు తడిగా ఉంటే పొగ. వదులుగా దట్టిస్తే సగం వాయికి లోపలే కూలి మంట చచ్చిపోతుంది, అప్పటికి బల్ల ముందు పదిమంది నిలబడి ఉంటారు. కాబట్టి రెండు పొయ్యిలు రాత్రే దట్టించి పెట్టుకుని, వాటి మీద గోనె కప్పి పడుకునేవాళ్లు.

పిండి సంగతి ఇంకా సున్నితం. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ అని ఎవరైనా చెబుతారు. నర్సీపట్నంలో పుష్యమాసపు చలికి ఆ పిండి తెల్లారేసరికి పొంగదు. కొండగాలి వీధిలోకి వస్తుంది. అప్పుడు పిండి ముందుగా రుబ్బి, గిన్నెకు గోనె చుట్టి పొయ్యి వెచ్చన తగిలే చోట పెట్టాలి. వేసవిలో తిప్పి చేయాలి: పొద్దుపోయాక రుబ్బాలి, లేకపోతే ఎనిమిదింటికల్లా పులుపెక్కి ఇడ్లీ తిరిగొస్తుంది. ఈ లెక్కలు ఏ తల్లీ కాగితం మీద రాసుకోలేదు. గిన్నె అంచుకు వేలు ఆనించి తెలుసుకుంది.

రేపు ఎంత పిండి అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మిగిలితే లాభం నీళ్లపాలు, చాలకపోతే వచ్చిన బేరం పక్క బండికి అలవాటు పడుతుంది. కాబట్టి ఆమెకు ఊరి పంచాంగం మొత్తం నోటికి రావాలి. సంత రోజు ఎక్కువ. బంద్ రోజు అసలు వద్దు. బళ్లకు సెలవులిచ్చాక తక్కువ, పరీక్షలప్పుడు పొద్దున్నే ఎక్కువ. కార్తీకమాసంలో ఉపవాసాలు, బలిఘట్టం శివాలయానికి వెళ్లొచ్చేవాళ్లు. అయ్యప్ప మాలలు పడ్డాక ఉల్లిపాయ తగలని చట్నీ విడిగా, విడి గరిటెతో. ఈమధ్య కాలంలో డిసెంబరు, జనవరుల్లో లంబసింగి మంచు చూడబోయే కార్లు ఇంకా చీకటి ఉండగానే ఊరు దాటుతున్నాయి. ఆ బేరం కావాలంటే ఇంకో గంట ముందు లేవాలి. పెద్ద కంపెనీలో ఇదే పని చేసేవాడికి గది, కంప్యూటరు, నెలజీతం ఇస్తారు.

ధర పెంచడంలో ఆమె ఒడుపు వేరు. కొబ్బరికాయ ధర పెరిగిందని ఇడ్లీ ధర పెంచదు. చట్నీలో కొబ్బరి తగ్గించి పల్లీ పెంచుతుంది. పల్లీ కూడా పెరిగితే సెనగపప్పు. అన్నీ పెరిగాకే రూపాయి. అదీ వీధిలో మొదటి బండి తనది కాకుండా చూసుకుంటుంది. “ఏటి మామ్మా, నువ్వు కూడానా?” అని అడిగించుకోవడంలో ఆ ‘కూడా’ రావాలన్నదే ఆమె ఎత్తు.

నూరు రోజుల వడ్డీ

కొట్టులో అమ్మకం కళ్లకు కనిపిస్తుంది. అప్పు కనిపించదు. సాయంత్రం మోటారు సైకిలు మీద సంచీ తగిలించుకుని వచ్చే మనిషిని బజారులో అందరూ చూసే ఉంటారు. పద్ధతి తెలిసిందే: కాగితం మీద పదివేలు, చేతికి తొమ్మిదివేలు, రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది. కానీ తొలిరోజు నుంచే అసలు తరుగుతూ ఉంటుంది, ఆమె చేతిలో సగటున నాలుగున్నర వేలే ఉన్నట్టు. ఆ సొమ్ముకు నూరు రోజులకు వెయ్యి అంటే ఏడాదికి ఎనభై శాతం దరిదాపు. మన వాడుకలో చెప్పాలంటే నూటికి ఆరు రూపాయల వడ్డీ పైమాటే. ఆ వడ్డీ కట్టి కూడా ఆమె కొట్టు నిలిచిందంటే అందులో ఎంత నికరమైన వ్యాపారం ఉందో లెక్కేసుకోవచ్చు.

ఎందుకు తీసుకుంటుంది? తెలివితక్కువై కాదు. బ్యాంకులో హామీ అడుగుతారు, స్థలం కాగితం మొగుడి పేరునో మామ పేరునో ఉంటుంది. సంచీ మనిషి ఆమె బండి ముందు నిలబడి గిరాకీ చూసి ఇస్తాడు. అంటే ఆమె వ్యాపారాన్ని వ్యాపారంగా చూసినవాడు ముందుగా వడ్డీ వ్యాపారే. ఈ మాట రాయడానికి ఇబ్బందిగానే ఉంది.

తర్వాత మార్పు రాలేదని కాదు. 1982లో మొదలైన డ్వాక్రా 90ల నాటికి ఆంధ్రలో ఉద్యమమంత పెరిగింది. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక పోరాటం నుంచి పుట్టిన పొదుపు సంఘాలు దానికి ఊపిరి పోశాయి. 1992 నుంచి నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపింది, పట్టణాల్లోని సంఘాలకు 2007లో ‘మెప్మా’ అనే సంస్థ వచ్చింది. నడుమ వారంవారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేసే సూక్ష్మరుణ సంస్థల కాలం ఒకటి నడిచింది. అది ఆత్మహత్యల దాకా వెళ్లాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కళ్లెం వేసింది. కరోనా తర్వాత, 2020 జూన్‌లో, వీధి వ్యాపారులకు అప్పట్లో పదివేల నుంచి మొదలైన స్వనిధి అప్పు వచ్చింది. సకాలంలో కడితే ఏడు శాతం మేర వడ్డీని ప్రభుత్వమే వెనక్కి వేస్తుంది. ఎనభై శాతం కట్టిన చేతులకు ఇది ఎంత తేడాయో విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే అది వచ్చేసరికి మనం చెప్పుకుంటున్న తరానికి డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగాయి.

ఇక ఆమె ఇచ్చిన అప్పుల లెక్క. చదువు రాని అమ్మలు గోడ మీద సుద్దతో గీతలు గీసేవాళ్లు. ఒక్కో వరస ఒక్కో మనిషిది, ఏది ఎవరిదో ఆమెకొక్కర్తికే తెలుసు. గోడకు సున్నం వేయించాలంటే పండక్కి ముందు బాకీలు వసూలు కావాలి. ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని కొండ మీద నుంచి వచ్చినవాళ్ల దగ్గర కొన్నిసార్లు డబ్బులు తీసుకునేది కాదు. ఆ గీత అసలు గీసేదే కాదు. అది దయ అని మనం అంటాం. కావచ్చు. మళ్లీ సంతకు దిగినప్పుడు వాళ్లు వేరే బండి దగ్గరికి వెళ్లరన్న లెక్క కూడా అందులో ఉంది. దయకూ లెక్కకూ మధ్య గోడ కట్టుకోకుండానే ఆమె నలభై ఏళ్లు నడిపింది.

తెనాలి దగ్గర ఒక మామ్మ

నర్సీపట్నానికి చాలా దూరంలో, తెనాలి దగ్గరి గుడివాడ అనే పల్లెలో, ఇలాంటి సుదీర్ఘ జీవితం ఒకటి అనుకోకుండా లోకం కంటపడింది. కర్రె మస్తానమ్మ. పదకొండేళ్లకు పెళ్లి, ఇరవై రెండేళ్లకు భర్త పోయారు, చేతిలో ఐదుగురు పిల్లలు. దశాబ్దాల పాటు కూలి పనులే. వందేళ్లు దాటిన వయసులో, 2016లో, మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి ఆమె వంటను ఫోనుతో తీసి యూట్యూబులో పెట్టారు. ‘కంట్రీ ఫుడ్స్’ అన్న ఆ చానెల్‌ను చూసేవాళ్లు పది లక్షలు దాటారు. పుచ్చకాయలో కోడికూర వండిన వీడియోను కోటిమందికి పైగా చూశారు. పొలం గట్టున మూడు రాళ్ల పొయ్యి, నేల మీద గొంతుకూర్చుని మామ్మ, అల్లం పొట్టు గోటితోనే తీయడం. ఇంతే ఆ స్టూడియో. 2018 డిసెంబరు 2న ఆమె పోయినప్పుడు వయసు 107 అని పత్రికలు రాశాయి. బీబీసీ కూడా వార్త వేసింది.

లోకం ఆమెను ‘యూట్యూబు బామ్మ’ అంది. ముద్దుగానే అంది. కానీ ఆ వీడియోల్లో అమ్ముడుపోయింది ముద్దు కాదు, పనితనం. మంట ఎంత తగ్గించాలి, కారం ఎప్పుడు పడాలి, కుండ మూత ఎప్పుడు తీయాలి అన్నది కొలత లేకుండా తెలిసిన చెయ్యి. వందేళ్లు ఆ చేతికి కూలి గిట్టింది అంతంతమాత్రమే. కెమెరా వచ్చిన చివరి రెండేళ్లే దానికి ధర కట్టాయి. మస్తానమ్మకు ఆ కెమెరా అయినా దొరికింది.

‘ఇంట్లోనే ఉంటారు’

జనాభా లెక్కలవారు గుమ్మంలోకి వచ్చి ఆమె ఏం చేస్తారని అడిగితే జవాబు తరచూ కొడుకు చెబుతాడు: “ఇంట్లోనే ఉంటారండి.” నిబంధన ప్రకారం ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేసిన మనిషి ప్రధాన కార్మికుల్లోకి రావాలి. ఏడాదిలో ఏ పది రోజులో కొట్టు మూసే మనిషి ఆ ఒక్క మాటతో ఇంటిపని గడిలోకి వెళ్లిపోతుంది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా పాత జనాభా లెక్కలు తవ్వి చూస్తే, పొలంలోనూ కుటుంబ వ్యాపారంలోనూ మగవాళ్లతో సమానంగా పనిచేసిన ఆడవాళ్ల వృత్తి గడిలో ‘భార్య’ అని మాత్రమే రాసి ఉంది. వేరే ఆధారాలతో ఆమె దిద్దిన లెక్కలో పనిచేసే ఆడవాళ్లు చాలా ఎక్కువగా తేలారు.

మన దగ్గర ఉన్న కొలతల్లో కొంత నయం 2013లో జరిగిన ఆరో ఆర్థిక గణన. దేశం మొత్తం మీద ఆడవాళ్ల యాజమాన్యంలో 80 లక్షల పైచిలుకు సంస్థలున్నాయని అది తేల్చింది. మొత్తంలో 13.76 శాతం. వాటిలో తమిళనాడు, కేరళ తర్వాత మూడో స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. భర్త పేరు బోర్డు మీద ఉండి భార్య నడిపే కొట్లు ఏ ఖాతాలో పడ్డాయో ఊహించుకోవచ్చు.

కూతురి బడి

ఈ కథను పూలదండలా కట్టి ఊరుకుంటే మోసం. ఆ కొట్టు ఖర్చు ఆమె ఒక్కతే భరించలేదు. చాలా ఇళ్లలో పెద్దకూతురు బడి మానేసింది. తమ్ముళ్లను చూసుకోవాలి, చట్నీ రుబ్బాలి, గిన్నెలు తోమాలి. తమ్ముళ్లు విశాఖ వెళ్లి చదివారు. ఆ అక్క ఇప్పటికీ పెద్దకర్మ భోజనాల్లో వడ్డించే వైపే కనిపిస్తుంది. అమ్మ లెక్కల్లో ఇది లేదనుకోలేం. ఉంది, దాన్ని గీత గీయకుండా వదిలేసింది. ఆవిరికి కాలిన ముంజేతులు, రాత్రి రెండుకు లేచి లేచి చెడిన నిద్ర, నొప్పి మాత్రలతో పాడైన కడుపు, ఇవి ఎలాగూ ఉన్నాయి.

ఉద్యోగాలు వచ్చాక కొడుకులు అనే మాట అన్ని ఇళ్లలోనూ ఒకటే: “ఇంక మానెయ్యమ్మా, మాకు చిన్నతనంగా ఉంది.” ప్రేమతోనే అంటారు. ఆమె రెండు రోజులు మానేసి మూడోరోజు పొద్దున్నే బండి బయటికి తీస్తుంది. కొడుకు పంపే డబ్బు ఎంతైనా అడిగి తీసుకునేది. గల్లాపెట్టెలోది అడక్కుండా తీసుకునేది. మనవడికి సైకిలు కొనాలన్నా, గుడి హుండీలో వేయాలన్నా, కూతురి చేతిలో ఎవరికీ తెలియకుండా వెయ్యి పెట్టాలన్నా ఆ రెండోది కావాలి. దీన్ని అర్థం చేసుకున్న కొడుకులు కొత్త గ్రైండరు కొనిపెట్టారు. అర్థం కానివాళ్లు టీవీ కొనిపెట్టారు.

విస్తళ్లు కుట్టే అమ్మలది ఇంకో దారి. అడ్డాకులు ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేట్టు పేర్చి, సన్నటి ఈనుపుల్లతో గుచ్చి విరిచి, ఆరబెట్టి, బరువు కింద పెట్టి కట్టలు కట్టేవాళ్లు. పెళ్లిళ్ల సీజనంతా చేతినిండా పని. థర్మకోల్ ప్లేటు వచ్చి ఆ బేరాన్ని నమిలేసింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని, వాటితోపాటు అలాంటి ప్లేట్లనూ దేశమంతా నిషేధించారు. అప్పటికి కుట్టే వేళ్లు చాలావరకు కొట్టు కట్టేసుకున్నాయి. అడ్డాకు ఇప్పుడు మిషను కింద పడి గుండ్రటి ప్లేటుగా మారి, నగరంలో ‘ఎకో ఫ్రెండ్లీ’ అన్న బోర్డు కింద ఎక్కువ ధర పలుకుతోంది.

తర్వాత బండి ఎవరిది?

పెద్దకర్మ అయిపోయిన మర్నాడు ఇంట్లో తేలాల్సింది ఇదే. బండి నిలిపే చోటుకు విలువ ఉంది. మామ్మ ఉన్నన్నాళ్లూ ఆ జాగా జోలికి ఎవరూ రాలేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ విషయంలో ముందడుగే. పట్టణ కమిటీలో కనీసం నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులు ఉండాలంది, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలంది. అమ్ముకునే ధ్రువపత్రం ఉన్న మనిషి చనిపోతే గడువు తీరేదాకా ఇంట్లోవాళ్లు కొనసాగవచ్చనీ రాసింది. వరస కూడా చెప్పింది: ముందు భార్య లేదా భర్త, తర్వాత ఆ మనిషి మీద ఆధారపడిన బిడ్డ.

ఒక ఇంట్లో చూడండి. మామ్మ భర్త ఏనాడో పోయాడు. కొడుకులు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ఆధారపడిన బిడ్డలు కారు. కూతురు అత్తారింట్లో ఉంది. పదిహేనేళ్లుగా అత్త పక్కన నిలబడి పిండి రుబ్బి, చట్నీ నూరి, చివరి మూడేళ్లూ దాదాపు ఒంటిచేత్తో బండి నడిపింది చిన్నకోడలు. ఆ వరసలో కోడలు లేదు. ఫ్లెక్సీ దించేలోపే ఆమె కొత్త దరఖాస్తు పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాలి. అందులో ‘ఎన్నేళ్లుగా వ్యాపారం చేస్తున్నారు?’ అని అడిగిన చోట ఏం రాయాలో పెద్ద బావగారు ఇంకా తేల్చలేదు.